వదినను రమ్మనండి

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

ముందు తిడతాను, క్షేమం తర్వాత అడుగుతాను. నీ కూతురికి రక్తంలో క్యాన్సర్ అని మీకు తెలిసి మూడు వారాలయితే, నాకు నిన్న తెలిసింది. అదీ నీ నోటి నుంచి కాదు, పిన్ని నోటి నుంచి. లాండ్రీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. ఆరబెట్టే మిషన్ల పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డాక నా చెవులు ఏపాటివో నీకు తెలుసు. "కందిరీగ ఆసుపత్రిలో ఉంది" అన్న ముక్కే వినపడింది. మళ్ళీ ఎవరి మీదకో ఎగబడి చెయ్యి విరగ్గొట్టుకుందేమో అనుకుని నవ్వాను కూడా. పిన్ని మూడోసారి అరిచి చెప్పాక ఫోన్ పెట్టేసి, వెళ్ళి దుప్పట్లు మడతపెట్టాను. సాయంత్రం దాకా మడతపెడుతూనే ఉన్నానట, పక్కనున్న వాళ్ళు చెప్పారు.

నాకెందుకు చెప్పలేదని అడగను. నా కొడుకు పోయింది ఆ జబ్బుతోనే, ఆ ఆసుపత్రిలోనే. నీకు నోరు రాలేదు. అర్థమైంది. కానీ పదకొండేళ్ళయిందిరా. విరిగిపోయేదాన్నైతే అప్పుడే విరిగిపోయేదాన్ని.

సరే, ఇప్పుడు పనికొచ్చే మాటలు. ముందు బొత్తాలున్న చొక్కాలే తొడగండి. మెడ దగ్గర గొట్టం పెడతారు, తల మీంచి తొడిగేవి పనికిరావు. నోరు పొక్కిపోతుంది, పసిపిల్లల బ్రష్ కొనండి, ఉన్నవాటిలో మెత్తనిది. డాక్టర్ మాట్లాడేటప్పుడు ఇద్దరూ వినండి. ఆ గదిలో ఒక్కరి చెవులు చాలవు. దాన్ని నవ్వించాలని ఊరికే ప్రయత్నించకండి, అదే మిమ్మల్ని నవ్విస్తుంది. మా పెద్దాయన అంతే. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడని నా కొడుక్కి ఆ పేరు పెట్టింది నువ్వే కదా. తొమ్మిదేళ్ళవాడు, నర్సులకు జలుబు చేస్తే వాళ్ళకు జాగ్రత్తలు చెప్పేవాడు.

సెలవు అడిగాను. ఆదివారం బయల్దేరి వస్తున్నాను.

కోపం తగ్గని
అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, తిట్లున్న చోట ఇంకో రెండుసార్లు. నువ్వు తిట్టకుండా ఓదార్చి ఉంటే నాకు భయం వేసేది.

ఎలా బయటపడిందో చెప్పనా. కాళ్ళ మీద కమిలిన మచ్చలు కనపడ్డాయి. దాని సంగతి తెలుసుగా, బడిలో ఎవరితోనో కలబడి ఉంటుందనుకున్నాం. "నన్నెవరూ కొట్టలేదు, నేనూ కొట్టలేదు" అని అది ఏడ్చినా నమ్మలేదు. తర్వాత జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. నాలుగో అంతస్తులో పిల్లల వార్డులో చేర్చుకున్నాకే మాకు జబ్బు పేరు చెప్పారు.

డాక్టర్ చిన్న వయసు ఆవిడ. నేను లిఫ్టు మెకానిక్కునని తెలిసి, "ముందు మా ఆసుపత్రి లిఫ్టు సంగతి చూడండి, రోజు మార్చి రోజు ఆగిపోతోంది" అంది. కందిరీగ వెంటనే, "మా నాన్న బాగుచేస్తే మళ్ళీ పాడవదు. మరి నువ్వు చేస్తే?" అంది. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

ఆదివారం రావద్దని నీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పించాను కదా, కారణం రాస్తానన్నాను. ఇక్కడ పద్ధతులు మారాయక్కా. తల్లిని, తండ్రిని తప్ప ఎవరినీ పైకి రానివ్వడం లేదు. బయటివాళ్ళ నుంచి ఏదైనా అంటుకుంటుందని భయం. నువ్వు అంత దూరం రైల్లో వచ్చి కింద బల్ల మీద కూర్చుని పోవడం నాకు ఇష్టం లేదు. మామూలు వార్డుకు మార్చగానే నేనే పిలుస్తాను.

బొత్తాల చొక్కాలు కొన్నాం. నువ్వు చెప్పకపోతే మాకు తోచేది కాదు.

నీ
తమ్ముడు


మార్చి 2

ఒరేయ్,

పద్ధతులు మారితే మంచిదే. మా రోజుల్లో వార్డు బజారులా ఉండేది, ఎవరు ఎవరి మంచం మీద కూర్చున్నారో తెలిసేది కాదు. దూరంగా ఉండమంటే ఉంటాను.

వేరే పార్సిల్లో ఆరు దిండు గలీబులు పంపుతున్నాను. లాండ్రీలో అన్నిటికంటే ఎక్కువ వేడి పెట్టి ఉతికి, వేడి మీదే సంచిలో మూసి అతికించాను. సూపర్‌వైజర్ చూసి కూడా చూడనట్టు పోయాడు. జుట్టు ఊడటం మొదలయ్యాక దిండంతా వెంట్రుకలవుతాయి, రోజుకొకటి మార్చాలి. లేత రంగువి పంపలేదు, వాటి మీద మరీ కనపడతాయి.

ఇంకో సంగతి. నీకు కాక ఇంకెవరికి చెప్పను? మీ బావ ఏదో దాస్తున్నాడు. మంగళవారం పాల ట్యాంకర్ తీసుకుని మీ ఊరు వస్తాడు కదా, ఇదివరకు చీకటి పడేలోపు ఇంట్లో ఉండేవాడు, ఇప్పుడు బాగా ఆలస్యమవుతోంది. అడిగితే, ట్యాంకు కడిగేవాళ్ళు తక్కువయ్యారంటాడు. మొన్న స్నానం చేసి వస్తుంటే చూశాను, రెండు మోచేతుల మడతల్లోనూ సూది గుచ్చిన మచ్చలు. ఒకచోట నీలంగా కమిలింది. వాల్వు తగిలిందట. వాల్వు రెండు చేతులకూ ఒకే చోట తగులుతుందా? ఆయనకేదో జబ్బు ఉండి, నాకు చెప్పకుండా పరీక్షలు చేయించుకుంటున్నాడు. మా ఇంట్లో ఇంకొకళ్ళకు కూడానా అని నాకు అన్నం సహించడం లేదు. నువ్వెప్పుడైనా డెయిరీ దగ్గరికి వెళ్ళి కనుక్కోగలవా? నేనడిగానని చెప్పకు.

కందిరీగకు ముద్దులు. నీ భార్య నిద్రపోతోందా?

అక్క


మార్చి 20

అక్కా,

బావను చూశాను. బాగానే ఉన్నాడు. జబ్బేమీ లేదు, నా మాట నమ్ము. ఇంతకంటే నన్ను అడగకు.

గలీబులు అందాయి. వాడుతున్నాం.

జుట్టు ఊడటం మొదలైంది. మూడు రోజులు చూసి, కందిరీగే బార్బర్‌ను పిలవమంది. అతను వచ్చి మిషన్ పెట్టబోతే, "ఆగు, ముందు మా నాన్నకు" అంది. ఇప్పుడు ఇద్దరం గుండ్లతో ఉన్నాం. నా తల ఆకారం బాగాలేదట, దానిది బాగుందట. వాళ్ళమ్మ గది మూలకు తిరిగి ఊడిన జుట్టు ఊడుస్తూ చాలాసేపు అక్కడే ఊడ్చింది.

మందు ఎక్కిన రోజుల్లో కందిరీగ ఎవరితోనూ మాట్లాడదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఆ రోజుల్లో నాకు పని ఉంటే బాగుండుననిపిస్తుంది, పనికి పోతే అక్కడ ఉంటే బాగుండుననిపిస్తుంది.

తమ్ముడు


ఏప్రిల్ 11

తమ్ముడికి,

పిన్ని నిన్న వచ్చి వెళ్ళింది. గట్టిగానే మాట్లాడింది కాబట్టి అన్నీ వినపడ్డాయి.

పోయిన వారం పిన్ని మీ దగ్గరికి వచ్చిందట. పైకి వెళ్ళిందట. కందిరీగ మంచం పక్కన కూర్చుని ఒక పూటంతా కబుర్లు చెప్పిందట. మీ ఇంటి పక్కావిడ కూడా వచ్చిందట. నేను పంపిన సంచి అతికించింది అతికించినట్టే మంచం కింద ఉందట, "ఇదేమిటమ్మా" అని పిన్ని అడిగితే నీ భార్య కాలితో లోపలికి జరిపిందట. కింద మెట్ల దగ్గర మీ బావ కనిపించాడట. ప్రతి రెండో మంగళవారం వస్తాడు కదా అని నువ్వే చెప్పావట.

అందరికీ దారి ఉంది. నా ఒక్కదానికే లేదు.

నాకు కోపంగా లేదు. ఏమీ లేదు. ఇకమీదట పిల్ల క్షేమం ఒక కార్డు ముక్క మీద రాసి పంపు, చాలు.

నీ అక్క


ఏప్రిల్ 16

అక్కా,

తిట్టి ఉంటే బాగుండేది.

నిజం రాస్తున్నాను. పద్ధతులేవీ మారలేదు. నువ్వు ఆదివారం వస్తున్నావని చెప్పగానే నీ మరదలు నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. ఆమె అన్న మాటలే రాస్తున్నాను. "వదినను చూస్తే నాకు వదిన కనపడదండీ. నేను చూడని ఆ పిల్లాడు కనపడతాడు. ఆవిడ ఈ మంచం పక్కన కూర్చుంటే నాకు ఊపిరాడదు. నన్ను రాక్షసి అనుకోండి, ఏమైనా అనుకోండి, ఆవిడను మాత్రం రానివ్వకండి." అని నా చొక్కా పట్టుకుంది. నీతో ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి. నేనేం చెయ్యను? ఒక పక్క నువ్వు, ఒక పక్క తను. అబద్ధం ఒక్కటే నాకు తోచింది.

ఇక బావ సంగతి. మందుల వల్ల కందిరీగకు రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతున్నాయి, ప్లేట్‌లెట్లంటారు. అవి ఎవరైనా ఇవ్వాలి. పిన్ని నీకు ఫోన్ చేసిన వారమే బావ తనంతట తనే వచ్చి నిలబడ్డాడు. గ్రూపు కలిసింది. కింద రక్తం తీసే గదిలో ఒక చేతిలోంచి తీసి, మిషన్లో వేరుచేసి, మిగతాది రెండో చేతిలోకి ఎక్కిస్తారు. గంటన్నర పైనే పడుతుంది. కళ్ళు మూసుకుని పడుకుంటాడు. లేచాక, "దాని కణాల లెక్క ఎంతకొచ్చింది?" అని అడుగుతాడు, వెళ్ళిపోతాడు. పైకి ఒక్కసారీ రాలేదు. రమ్మంటే "నేను ఇక్కడి దాకేరా" అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. "మీ అక్క మళ్ళీ ఈ మెట్లెక్కుతుంటే నేను చూడలేను" అన్నాడు.

ఒక మంచి మాట. మొదటి విడత మందులు పూర్తయ్యాయి. రక్తంలో జబ్బు కనపడటం లేదన్నారు. ఇంకా చాలా విడతలున్నాయి.

ఏమైనా అను. కార్డు ముక్క మాత్రం రాయను.

తమ్ముడు


జూన్ 3

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడం, చించడం, మళ్ళీ రాయడం. ఇది ఆఖరుది, ఎలా ఉంటే అలా పంపేస్తాను.

నీ భార్యను నేను రాక్షసి అనుకోవడం లేదని చెప్పు. నాకు అది కొత్త కాదు. పెద్దాయన పోయాక మా వీధిలో నేను ఎదురొస్తే చంటిపిల్లల తల్లులు బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకునేవాళ్ళు. నాకు దూరంగా ఉండే వైపుకి. కావాలని కాదు. నాతో నవ్వుతూ మాట్లాడుతూనే ఉండేవాళ్ళు, చెయ్యి తనంతట తను ఆ పని చేసేది. నీ భార్య నయం, నోరు తెరిచి చెప్పింది. నాకు బాధ నీ అబద్ధం గురించి. రెండు నెలలు నువ్వు మంచి తమ్ముడివని సంబరపడ్డాను చూడు, దాని గురించి.

మీ బావను నేనేమీ అడగలేదు. ఆయన మీ ఊరు వచ్చే మంగళవారాల పొద్దున టిఫిన్ డబ్బాలో ఇంకో రెండు గుడ్లు ఉడకబెట్టి పెడుతున్నాను. మొదటిసారి మూత తీసి చూశాడు. నా వైపు చూశాడు. మూత పెట్టేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నది లేదనుకో.

నేను రాను. పిలవకు, నీ భార్యను ఇబ్బంది పెట్టకు. ఆమె తిందో లేదో మాత్రం చూడు. బిడ్డను చూసుకునేవాళ్ళను ఎవరూ చూడరు. ఆమెకు తెలియకుండా బరువు ఎంత తగ్గిందో కనిపెట్టు, గాజులు మోచేతి దాకా జారుతున్నాయంటే తినడం లేదని.

కందిరీగ గురించి రాస్తూ ఉండు. పెద్ద ఉత్తరాలు రాయి.

అక్క


అక్టోబర్ 28

అక్కా,

ఆగస్టులో దాన్ని ఇంటికి తెచ్చామని రాశాను, జుట్టు మొలిచిందని, వెంట్రుకలు ఈసారి ఉంగరాలు తిరిగాయని మురిసిపోతున్నానని రాశాను. ఆ ఉత్తరాలన్నీ పక్కన పెట్టు. తిరగబెట్టింది. మందులు నడుస్తుండగానే తిరగబెడితే మంచిది కాదట. మళ్ళీ అదే వార్డు, కిటికీ పక్క మంచం.

ఇది రాయడానికి కారణం వేరే ఉంది. కందిరీగ నిద్రపోతోందనుకుని నేనూ నీ మరదలూ ఏదో అనుకుంటుంటే పెద్దాయన మాట వచ్చింది. అది మేలుకునే ఉంది. మర్నాడు వాళ్ళమ్మను అడిగింది, "పెద్దాయనకు వచ్చింది కూడా నాకొచ్చిన జబ్బేనా?" అని. మీ ఇంట్లో వాడి ఫొటో చూసింది కదా, పోయాడని తెలుసు, ఎలాగో తెలియదు. వాళ్ళమ్మ కాదంది, వాడికేదో జ్వరం అంది. "అబద్ధం. నిన్న మీరే అన్నారు" అని గోడ వైపు తిరిగింది.

అప్పటి నుంచి వాళ్ళమ్మతో మాట లేదు. మాత్రలు ఇస్తే బుగ్గలో దాచి ఊసేస్తోంది. తల్లి చేత్తో నీళ్ళు కూడా తాగడం లేదు. నేను బతిమాలాను. డాక్టర్ బతిమాలింది. నిన్న సాయంత్రం నోరు తెరిచి ఒక్క మాటంది. "అత్తను అడుగుతాను. అత్త అబద్ధం చెప్పదు."

నీ మరదలు బయటికి వెళ్ళింది. ముఖం కడుక్కుని వచ్చి నాతో అంది, "వదినను రమ్మనండి. నేనే పిలిచానని రాయండి."

రాశానక్కా. ఆమె పిలుస్తోంది.

తమ్ముడు


నవంబర్ 25

తమ్ముడూ,

ఇల్లు చేరాను. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. మీ బావ స్టేషనుకు వచ్చి సంచి అందుకున్నాడు, పిల్ల ఎలా ఉందని అడగలేదు, నేను చెబుతుంటే అడ్డం రాలేదు.

నేను ఉన్న మూడు వారాల్లో నువ్వు ఒకటి అడగాలని అడగలేకపోయావు, బయల్దేరే రోజు అడిగావు. మొదటి రోజు పిల్లకూ నాకూ మధ్య ఏం జరిగిందని. ఆ రోజు నువ్వు ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోతే పరిగెత్తావు. నీ భార్యను అడిగితే ఏడుస్తోందే కానీ చెప్పడం లేదన్నావు. రాస్తాను, ఉండు.

మెట్లెక్కుతూ నాలుగో అంతస్తు దగ్గర కొంచెం నిలబడ్డాను. గోడలకు రంగు మార్చారు, వాసన మాత్రం అదే. లోపలికి వెళితే నీ భార్య లేచి కుర్చీ నాకు ఇచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కందిరీగ నన్ను వంగమని సైగ చేసి చెవిలో ఏదో అంది. నాకు దాని ఊపిరి వెచ్చగా తగిలింది, మాట తెలియలేదు. గట్టిగా చెప్పమన్నాను. మళ్ళీ గుసగుసలాడింది. నాకు వినపడదమ్మా, ఇంకా గట్టిగా అన్నాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది. అంతే, విసుగొచ్చి వార్డంతా వినపడేలా అరిచింది.

"పెద్దాయనకు చచ్చిపోయేటప్పుడు నొప్పి వేసిందా?"

చుట్టూ ఉన్న తల్లులందరూ అలాగే ఆగిపోయారు. ఎదుటి మంచం ఆవిడ చెంచా బిడ్డ నోటి దగ్గరే ఉండిపోయింది. నాకు చెవుడు కాబట్టి నేనెప్పుడూ గట్టిగానే మాట్లాడతాను కదా, నా జవాబు కూడా అందరికీ వినపడే ఉంటుంది.

"కొన్ని రోజులు వేసింది" అన్నాను. "నొప్పి వేస్తే చెప్పేవాడు. చెప్పగానే మందు ఇచ్చేవాళ్ళు. ఆఖరి రోజు వెయ్యలేదు."

"నీకెలా తెలుసు?"

"నా ఒళ్ళోనే ఉన్నాడు. నొప్పి వేస్తే కాలి వేళ్ళు ముడుచుకునేవాడు. ఆ రోజు ముడుచుకోలేదు."

మళ్ళీ అడిగింది, "భయం వేసిందా?"

"వాడికి కొంచెం. నాకు చాలా."

"ఒక్కడే ఉన్నాడా?"

"ఒక్క నిమిషం కూడా లేడు."

అప్పుడు అడిగింది, "నేనూ చచ్చిపోతానా?" అని. ఈసారి అరవలేదు, కానీ నాకు వినపడింది. ఎలా వినపడిందో తెలియదు.

దానికి జవాబు చెప్పే హక్కు నాకు లేదు తమ్ముడూ. నాకు తెలియదమ్మా అన్నాను. డాక్టరుగారికి కూడా ఇంకా తెలియదు, తెలిసిన రోజున మీ అమ్మ నీకు చెబుతుంది, దాచదు అన్నాను. అని నీ భార్య వైపు చూశాను. నేను వచ్చాక మొదటిసారి ఆమె నోరు తెరిచింది.

"దాచను" అంది.

కందిరీగ చెయ్యి చాపింది. మాత్రల కోసం. వాళ్ళమ్మ చేత్తోనే వేసుకుంది, నీళ్ళు తాగింది, పడుకుంది.

ఇదీ జరిగింది. ఆ సాయంత్రం ఎదుటి మంచం ఆవిడ తన కుర్చీ ఈడ్చుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఏమీ అడగలేదు. ఇంకొకావిడ వచ్చింది. ఊరికే కూర్చున్నారు. వాళ్ళల్లో వాళ్ళు బిడ్డల గురించి మాట్లాడుకోవడం మొదలుపెడితే నేను పెదాలు చూస్తూ కూర్చున్నాను. నీ భార్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. బరువే లేదురా ఆ తలకు.

నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

అక్క


జనవరి 30

అక్కా,

నువ్వు వెళ్ళి పదిహేను రోజులయింది. నువ్వు ఉండగా చెప్పలేనివి కొన్ని మిగిలిపోయాయి. నువ్వు లేని రోజుల్లో జరిగినవి.

ఇక మందులు వద్దని డాక్టర్ మమ్మల్ని గదిలోకి పిలిచి చెప్పింది. ఇద్దరం విన్నాం, నువ్వు చెప్పినట్టే. నేను బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నీ మరదలు నిలబడలేదు, నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి చెప్పేసింది. "మందులు ఇక పనిచేయడం లేదమ్మా" అంటోంది. కందిరీగ అడిగింది, "అయితే ఇక సూదులు ఉండవా?"

"ఉండవు."

"సరే. ఇంటికెళ్దాం."

ఏడవలేదక్కా. రాత్రి మాత్రం వాళ్ళమ్మ పక్కలో దూరి ఏడ్చిందట. అప్పుడు ఇద్దరూ ఏడ్చారట. నన్ను లేపలేదు.

ఇంటికి తెచ్చే రోజు ఆ లిఫ్టు ఆగిపోయింది. నేను దాని కరెంటు పెట్టె తెరిచి చూస్తానన్నాను, ఒప్పుకోలేదు, వాళ్ళ మనిషి రావాలట. స్ట్రెచర్ మెట్ల మలుపుల్లో తిరగదన్నారు. దాన్ని ఎత్తుకుని దిగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ రోజు మంగళవారం. కింద ఎవరు చెప్పారో తెలియదు, బావ వచ్చాడు. నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చాడు. వార్డు గుమ్మంలో చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా దాన్ని ఎత్తుకున్నాడు. కందిరీగ బావ భుజం మీంచి నన్ను చూసి, "లిఫ్టు మెకానిక్ కూతురు మెట్లు దిగుతోంది. నీ పరువు పోయింది నాన్నా" అంది. బావ నవ్వాడు. నవ్వుతూ, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే దిగాడు. నీకు చెప్పి ఉండడు. తర్వాత నువ్వు వచ్చావు, దాని ఆఖరి రోజు దాకా ఉన్నావు, మిగతాది నీకు తెలుసు.

నేను పనికి వెళుతున్నాను. గొట్టం లాంటి చీకట్లో తాళ్ళు, చక్రాలు, గ్రీజు. అక్కడ ఎవరూ పలకరించరు, అదే నయం. నీ మరదలు మాత్రం ఇంట్లోంచి కదలదు. వంట చేస్తుంది, పెడుతుంది, కిటికీ దగ్గర కూర్చుంటుంది. నాతో మాట్లాడదు. నేను ఏమన్నా తప్పుగా ఉంటుందేమోనని నేనూ మాట్లాడను. ఏం చెయ్యాలో చెప్పు. నీకు తెలియకపోతే ఎవరికీ తెలియదు.

తమ్ముడు


మార్చి 6

వదినా,

నేను మీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. మీ తమ్ముడు పనికి వెళ్ళాక రాస్తున్నాను.

మీరు ఆయనకు రాసింది చదివాను. "ఏమీ చెయ్యకు, ఆ కిటికీ దగ్గరికి ఇంకో కుర్చీ వేసుకో" అన్నారు. ఆయన వేసుకున్నారు. రోజూ వచ్చి కూర్చుంటున్నారు. మొన్న కాస్త మాట్లాడుకున్నాం.

పోయిన వారం ఆసుపత్రికి వెళ్ళాను. మా సామాను కొంత అక్కడ ఉండిపోయింది, తీసుకెళ్ళమని కబురు పెట్టారు. ఒక్కదాన్నే వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద కొత్త పాప ఉంది, చిన్న పాప, ఇంకా జుట్టు ఉంది. నేనెవరో వాళ్ళమ్మకు అక్కడివాళ్ళు చెప్పి ఉంటారు. వాళ్ళమ్మ నన్ను చూసి లేచి నిలబడి, పాపకూ నాకూ మధ్యకు వచ్చి, తెర లాగింది. నెమ్మదిగానే లాగింది. నాకు కోపం రాలేదు. తెర ఇవతల నిలబడి, ఆ అమ్మాయి అవతల పాపను ఎలా పొదువుకుని ఉంటుందో నాకు తెలుసనుకున్నాను.

సామాను సంచిలో మీరు పంపిన గలీబులు ఉన్నాయి. అతికించింది అతికించినట్టే. ఆయాతో ఆ పాప వాళ్ళకు పంపించాను, ఎవరు పంపారో చెప్పొద్దన్నాను. ఇన్ని రోజులు నేను వాటిని ముట్టుకోలేదు. ఇప్పుడు క్షమించమని అడిగితే మీరు ఆ మాట ఎత్తొద్దంటారు, కాబట్టి అడగను. కానీ నేను చేసిందేమిటో నాకు తెలుసని మీకు తెలియాలి.

వీధిలో అందరూ మంచివాళ్ళే. కూరలు ఎంతకు కొన్నావంటారు, ఎండలు ముదిరాయంటారు. నేను దాని పేరు ఎత్తబోతే వాళ్ళకు ఏదో పని గుర్తొస్తుంది. పుట్టింటికి వెళితే మా అమ్మ దాని బట్టలన్నీ ఎక్కడో దాచేసింది, నేను చూసి ఏడుస్తానని. ఎవరూ ఏమీ అనకపోతే అది అసలు పుట్టలేదేమో, నేనే ఊహించుకున్నానేమో అనిపిస్తోంది వదినా.

కొన్ని రోజులు మీ దగ్గరికి రావచ్చా? మీకు పని ఉంటుంది, నేను అడ్డం రాను. మీరు లాండ్రీకి వెళ్ళాక ఇల్లు సర్దుతాను. ఎన్ని రోజులో నాకే తెలియదు. వద్దంటే కూడా అర్థం చేసుకుంటాను.

మీ
మరదలు


మార్చి 11

అమ్మాయ్,

వచ్చేయ్. సోమవారం పొద్దుటి రైలు ఎక్కు, మధ్యాహ్నానికి దిగుతావు. స్టేషను బయట మీ అన్నయ్య నిలబడి ఉంటాడు. చెయ్యి ఊపడు, పలకరించడు, నువ్వే గుర్తుపట్టి సంచి అందించాలి. దారిలో ఆయన మాట్లాడకపోతే ఏమీ అనుకోకు. నిన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తే లేచి వెళ్ళి పెద్దాయన గది కిటికీ బాగుచేశాడు, దాని తలుపు తెరుచుకోక ఎన్నేళ్ళయిందో. ఆ గదిలోనే పడుకుందువు.

ఇల్లు సర్దక్కర్లేదు. తినాలనిపిస్తే తిను, నిద్రొస్తే పడుకో. ఎన్ని రోజులని నేను అడగను, నువ్వూ లెక్క పెట్టుకోకు. మా తమ్ముణ్ణి కూడా వారం వారం రమ్మను, వాడికీ ఎవరో ఒకరు తిట్టేవాళ్ళు ఉండాలి.

అది పుట్టింది. నాకు తెలుసు, మీ అన్నయ్యకు తెలుసు, నాలుగు అంతస్తుల మెట్లకు తెలుసు. ఇక్కడికి వచ్చాక దాని పేరు ఎన్నిసార్లు అనిపిస్తే అన్నిసార్లు పిలువు, గట్టిగా పిలువు. ఈ ఇంట్లో ఎవరూ మాట మార్చరు.

నీ
వదిన